పోగు అతికినట్టు జపనీస్ నేర్పిన సార్

మహాజనులారా, ముందుగాల క్షమాపణ. ఈ వ్యాసంల జరగబోయే సకల అపరాధాలకు సాష్టాంగపడి మన్నింపు కోరుతున్న. జపాన్ భాషల విశేషణాలు గట్ల పుట్టినందుకు క్షమించాలె. అవి మన నోట్ల తిరగనందుకు క్షమించాలె. జగిత్యాల బస్టాండు ఎదురుంగ చెప్పుల దుకాణం మీది మా క్లాసు గదిల ఫ్యాను మూలిగినందుకు, ఆ మూలుగుకు మేం నవ్వినందుకు, మేం నవ్వితే సార్ కూడ నవ్వినందుకు, అందరి తరఫున నేనే క్షమాపణ చెప్తున్న. సంతాప వ్యాసంల నవ్వు ఏందని పెద్దలకు కోపం రావచ్చు. దానికి కూడ క్షమాపణ.

మా జపనీస్ సార్ పోయిండన్న వార్త నాకు తెలిసిన తీరు చెప్పుకోదగ్గది కాదు. పొద్దుగాల మా క్లాసు వాట్సాప్ గ్రూపుల నేనే ఒక మీమ్ పెట్టిన. బురదల పండుకున్న బర్రె ఫోటో, కింద "పరీక్ష రాసినంక నేను" అని. దాని కింద ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టిండ్రు. దాని కింద వేములవాడ-సాన్ మెసేజ్: "సార్ ఇగ లేరు. తెల్లారంగ గుండె ఆగిందట." దాని కింద, ఏం చదువకుండ నా బర్రెకే అనుకుని, రాయికల్-సాన్ ఇంకో నవ్వు బొమ్మ. వాడు తర్వాత దాన్ని తీసేసిండు. నేను బర్రెను తీసేసిన. కానీ "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న ముక్కలు మాత్రం సార్ చావు వార్తకు పైన ఒకటి, కింద ఒకటి ఇప్పటికీ అట్లనే ఉన్నయ్.

సాన్ అంటే ఏందని అడిగేటోళ్ల కోసం: జపాన్‌ల పేరు పక్కన తగిలించే మర్యాద, మన "గారు" లెక్క. సార్ మా పేర్లను పట్టించుకోలె. ఎవరు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరికే మర్యాద. తల్లి బీడీలు చుట్టంగ డిగ్రీ చదివిన నా సోపతిగాడు రాయికల్-సాన్. లాడ్జి నడిపే ఇంటి ఆడపిల్ల వేములవాడ-సాన్. నేను కోరుట్ల-సాన్. ఊరు మొత్తాన్ని నెత్తిన పెట్టిండ్రు, బరువైతుంది సార్ అంటే, "అందుకే జర సీదా నడువు" అన్నడు.

సార్ సిరిసిల్ల మనిషి. కరెంటు మగ్గాలు, అదే సాంచాలు, పొద్దస్తమానం టకటకమనే ఇంట్ల పుట్టిండు. వయసుల ఉన్నప్పుడు ఆయన ఈడోళ్లంత దుబాయ్, మస్కట్ దారి పడితే, ఈయన మగ్గాల మిషన్లు చేసే కంపెనీ పని మీద జపాన్ పోయి, చానా ఏండ్లు ఉండి తిరిగొచ్చిండు. పని మానుకున్నోళ్లు పొద్దుగాల నడకకు పోతరు. ఈయన మాకు జపనీస్ నేర్పనీకె జగిత్యాల బస్సెక్కిండు. వేములవాడ కాడ గుండ్లు గీయించుకున్న పిల్లలు, వాళ్ల అమ్మమ్మలు, ప్రసాదం కవర్లు ఎక్కేది. ఆ ఇరుకుల నిలబడే సార్ మా కాగితాలు దిద్దేటోడు. ఒకసారి నా కాగితం మీద ఎర్ర గీతల నడుమ లడ్డు జిడ్డు అంటింది. "చూడు, నీ తప్పులకు రాజన్న దేవుడు కూడ సంతకం పెట్టిండు" అన్నడు.

ఆ గదికి ఒక పెద్ద ఆశ ఉండె. జపాన్‌ల ముసలోళ్లను చూసుకునే సంస్థ ఒకటి, ముందుగాల మీ దగ్గర ఒక్కరిని తీసుకుని చూస్తం, తయారీ నచ్చితే ఇగ ఏటా మీ క్లాసు నుంచే తీసుకుంటం అన్నది. ఆ ఒక్కడిని నేను. నాకు ఉద్యోగం వచ్చింది, వీసా కూడ మొన్ననే చేతికొచ్చింది, ఇగ పోవుడే మిగిలింది. క్లాసుకు మాత్రం ఆ పిలుపు రాలె. కొన్ని నెలలకు గది మూతపడ్డది. రాయికల్-సాన్ పాస్‌పోర్టు ఇప్పుడు గల్ఫ్ ఏజెంటు టేబుల్ల ఉన్నది. వేములవాడ-సాన్ లాడ్జి కౌంటర్ల కూసుని యాత్రికులకు గది తాళాలు ఇస్తున్నది. అప్పటి సంది అందరు నన్నడిగే ప్రశ్న ఒక్కటే: నీ అసొంటోన్నే తీసుకున్నరంటే సార్ మంచిగ నేర్పినట్టే కదా, మరి క్లాసును ఎందుకు వద్దన్నరు? నేను జోకేసి తప్పించుకుంట. నన్ను చూసినంక ఒక్కడు చాలనుకున్నరని అంట. జనం నవ్వుతరు. నవ్వినంక ఎవరూ రెండో ప్రశ్న అడగరు. జోకుల ఉన్న సుఖం గదే.

సరే, విశేషణాలు.

మన తెలుగుల "మంచి" అన్న మాట ఊరి పెద్దమనిషి లెక్క, కూసున్న కాడి నుంచి లేవదు. చాయ్ మంచిగున్నది. నిన్న మంచిగుండె. ఇయ్యాల మంచిగ లేదు. మొన్న కూడ మంచిగ లేకుండె. పనంత పక్కన ఉండే మాటనే చేస్తది, "మంచి"కి చెమట పట్టదు. జపాన్ భాషల అట్ల కుదరదు. నిన్నటి సంగతైతే విశేషణమే లేచి బట్టలు మార్చుకోవాలె. రుచిగున్నది అంటే ఓయిషీ. మరి రుచిగుండె అనాలంటే మనోడేం చేస్తడు? అలవాటు చొప్పున ఓయిషీని ముట్టుకోకుండ పక్కనున్నదాన్ని నిన్నటిది చేసి ఓయిషీ దెషితా అంటడు. తప్పు. ఓయిషీ చివరి ఇకారం తోక తుంచి "కత్తా" అతికించాలె, ఓయిషికత్తా. రుచిగ లేదు అంటే ఇంకో తోక, ఓయిషికునై. రుచిగ లేకుండె అంటే తోకకు తోక, ఓయిషికునకత్తా. గింతట్ల చాయ్ సల్లారిపోతది.

ఇంతటితో ఆగితే మేం బతికి బయటపడేటోళ్లం. విశేషణాలల్ల రెండు వంశాలున్నయ్. ఒక వంశం తోక తుంచనిస్తది. ఇంకో వంశం కత్తెరను దగ్గరికి రానియ్యదు, అచ్చం మన "మంచి" లెక్క, దాని పక్కనోడే మారాలె. అందంగ ఉన్నదనే "కిరేయి" రెండో వంశం. కానీ మొదటి వంశం తోక తగిలించుకుని తిరుగుతది, చూసి మోసపోయి తుంచితే పాపం. చేయి తిరిగినోడు, బాగ వచ్చినోడు అనే "జోజు" కూడ రెండో వంశమే. దానికైతే తోకనే లేదు. నేను కిరేయి తోక తుంచిన. జోజుకు లేని తోకను వెతికి మరీ తుంచిన. నేను జోజును మార్చినప్పుడల్లా సార్ కండ్లు మూసుకునేటోడు, పక్కింట్ల ఎవరికో సూది మందు ఇస్తుంటే మనం మూసుకున్నట్టు.

దీనికి సార్ పుస్తకం తెరువకపోయేది. అంగీ జేబుల నుంచి నూలు పోగు తీసేటోడు. "సాంచ మీద పోగు తెగితే ఏం జేస్తరు? కొసను జర తుంచి, కొత్త పోగు కలిపి, గిట్ల మెలిపెడ్తరు. అతుకు కనపడద్దు." బొటనవేలు, చూపుడువేలు మెల్లగ తిరిగేది. ఓయిషీకి కత్తా అతికింది. రెండో వంశానికి వచ్చినప్పుడు పోగును జేబుల పెట్టి చేతులు చాపేటోడు. "ఇది నేసుడు అయిపోయిన చీర. దీన్ని తుంచద్దు. కావాలంటే పక్కన కుచ్చులు కట్టుకో." మాకు గదే అలవాటైంది. బస్సుల, బజార్ల, అన్నం తినంగ, మా వేళ్లు వాటంతటవే మెలితిరిగేటివి. రాయికల్-సాన్ తల్లి కొడుకు వేళ్లు చూసి, బీడీలు చుట్టనీకె చేయి తిరుగుతుందని సంబురపడి, చాటల ఆకు పెట్టి ముందట కూసోబెట్టిందట.

కింద చెప్పుల దుకాణం పక్క హోటల్ల ఒక నియమం ఉండె. చాయ్ తాగినంక, అది ఎట్లుండెనో సరిగ్గ మార్చి చెప్పేదాక గ్లాసు కింద పెట్టద్దు. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పొద్దులు చానా ఉన్నయ్. హోటల్ చాచా ఉర్దూల మొదలువెట్టి తెలుగుల ముగించేటోడు: "సాబ్, గా పోరన్ని ఇడిసిపెట్టుండ్రి, నాకు గ్లాసులు తక్కువపడ్తున్నయ్." సార్ ఇనకపోయేటోడు.

ఇంత గట్టిగ ఎందుకు సార్, వాళ్లకు అర్థమైతే చాలు కదా అని ఒకసారి మొండిగ అడిగిన. అప్పుడు సార్ నవ్వలె. "అక్కడ ఒక ముసలామెకు నువ్వు అన్నం పెడ్తవ్. ఆమె రుచిగ లేకుండె అన్నది. నీకు రుచిగుండె అన్నట్టు ఇనపడ్డది. రేపు మళ్ల గదే పెడ్తవ్. గా వయసుల మనుషులు రెండోసారి చెప్పరు కోరుట్ల-సాన్. పెట్టింది తిని ఊకుంటరు." నేను ఆ పొద్దు గ్లాసు దించకుండనే పైకి పోయిన. చాచా మెట్ల దాక వచ్చి గుంజుకున్నడు.

ఇంకో పాఠం సంగతి కూడ చెప్పాలె, దానితోని తర్వాత పని పడ్తది. ఒంటరిగ ఉందనే మాట సబిషీ. వేములవాడ-సాన్ వాక్యం కట్టి, మా అమ్మమ్మకు సబిషీ అన్నది. సార్ ఆపిండు. "నీకెట్ల ఎరుక? ఆమె లోపటికి సొచ్చి చూసొచ్చినవా?" ఆ భాషల ఒంటరితనం, బాధ, సిగ్గు ఇసొంటివి నీవైతేనే నేరుగ చెప్పాలె. ఇంకొకరివైతే, అట్ల కనపడుతున్నది అని వేరే తోక పెట్టాలె, సబిషిసో. "మొహంల కనపడ్డదే చెప్పు. కనపడకపోతే ఏం చెప్పకు." మా ఇంటి పక్కత్త అందరి లోపటికి సొచ్చి చూసొస్తది సార్, ఆమెకు ఈ జన్మల జపనీస్ రాదు అన్న నేను. సార్ నవ్విండు. ఆయన నవ్వితే ముందుగాల భుజాలు ఊగేటివి, చప్పుడు తర్వాత వచ్చేది.

మా ఇంటికి కూడ వచ్చిండు. మా నాయన మస్కట్ల ఉంటడు. నన్ను కూడ అటే పంపాలని మా అమ్మ పట్టు. జపాన్ అంటే ఆమెకు భూకంపమొక్కటే ఎరుక. సార్ ఒక ఆదివారం కోరుట్లకు బస్సు మారి వచ్చి, మా అర్రల కూసుని, చాయ్ తాగి, గ్లాసు దించే ముందు ఓయిషికత్తా అన్నడు. మా అమ్మ దాన్ని తుమ్మనుకుని నీళ్లిచ్చింది. ఆమె అసలు సంగతి అడిగింది: "ఇంట్ల నాయనమ్మకు గిలాసెడు నీళ్లియ్యడు సారూ. వీడు పరాయి ముసలోళ్లను అర్సుకుంటడా?" నేను గోడ దిక్కు చూసిన. సార్ మాత్రం తడుముకోకుండ, "నేను జామీను ఉంటనమ్మా. వీడు ఎట్లుంటడో నాకు ఇడిసిపెట్టు" అన్నడు. పోంగ పోంగ బస్టాండు కాడ నాతోని ఒక్క మాటే అన్నడు, ఇయ్యాల్టి సంది నాయనమ్మకు నీళ్లు నువ్వే ఇయ్యాలని. ఇస్తున్న. నా చరిత్రల చెప్పుకోదగ్గ సత్కార్యం గదొక్కటే, అది కూడ సార్ చెప్తే చేసింది.

మూడో నాడు మేం ముగ్గురం సిరిసిల్ల పోయినం. మా దిక్కు మూడో నాడు పిట్టకు పెడ్తరు. పోయినోళ్లకు ఇష్టమైనయన్ని వండి, విస్తర్ల పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాక జర దూరం నిలబడ్తరు. ముట్టకపోతే, పోయినోళ్ల మనసుల ఏదో మిగిలిపోయిందన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరు ముందుకొచ్చి మాటిస్తరు. మానేరు ఒడ్డున విస్తరేసిండ్రు. సర్వపిండి, కోడికూర, ఉడుకబెట్టిన గుడ్డు, స్టీలు గ్లాసుల చాయ్. ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద కూసున్నది. దిగలె.

సార్ బామ్మర్ది ముందుకొచ్చి, బావా, అక్కను మేం అర్సుకుంటం, రంది పెట్టుకోకు అన్నడు. కాకి మెడ తిప్పింది, దిగలె. సార్ తమ్ముడు ఇంటి సంగతి ఏదో మాటిచ్చిండు. దిగలె. ఎండ ఎక్కుతున్నది. అప్పుడు అమ్మ, అంటే సార్ ఇంటామె, మా దిక్కు తిరిగింది. "ఆయన పానమంత గీ పిల్లల మీదనే ఉండె. మీరేమన్న అనుండ్రి."

వేములవాడ-సాన్ మళ్ల చదువుత సార్ అన్నది. రాయికల్-సాన్, దుబాయ్ పోయినా వేళ్లు మెలిపెట్టుడు మరువ సార్ అని చేయెత్తి చూపెట్టిండు. తర్వాత అందరు నన్ను చూసిండ్రు. చెప్పాల్సింది ఒకటుండె. చెప్పే చోటు కూడ గదే. నేను రెండడుగులు ముందుకు పోయి, నడుం వంచి, జపనీస్‌ల పెద్ద ప్రసంగం చేసిన. మీ పాఠం సంతోషంగుండె, మీ గది వెచ్చగుండె, మీ చాయ్ రుచిగుండె. ప్రతి తోక సరిగ్గ తుంచిన, ప్రతి కత్తా సరిగ్గ అతికించిన. అతుకు ఎక్కడా కనపడలె. చెప్పాల్సింది మాత్రం చెప్పలె.

కాకి దిగింది. గుడ్డు ముట్టింది.

అందరు ఊపిరి ఇడిసిండ్రు. అమ్మ వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది. "నీ మాటకే ముట్టింది కొడుకా. కోరుట్ల-సాన్‌కు నోరు మంచిగ తిరుగుతది, జర భయం పోవాలె అనేటోడు నీ గురించి." అంటే సార్ ఆమెకు కూడ చెప్పలె. నాకైతే ఆ కాకి ఆకలికే దిగిందనిపించింది. కానీ వెనుక నుంచి ఎవరో నా భుజం తట్టిండ్రు, పాత విద్యార్థులు సార్ యాదిల చిన్న పుస్తకం ఎయ్యాలని అక్కడనే అనుకున్నరు, పిట్టను దించినోడు కాబట్టి మొదటి వ్యాసం వీడే రాయాలని తీర్మానం చేసిండ్రు. మీరు ఇప్పుడు చదువుతున్నది గదే. పైన చెప్పిన క్షమాపణలన్ని ఉత్తయే, వాటిని కొట్టేసుకోవచ్చు. నేను అసలు చేసిన పని ఇది.

ఇంటర్వ్యూ పొద్దు మబ్బు కమ్మి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద నెట్టు నడుస్తున్నది, లైట్లు లేవు. కెమెరాల నా మొహం బొగ్గు లెక్క కనపడుతున్నది. సార్ తన ఫోన్ టార్చి ఏసి, కండ్లల్ల కొట్టకుండ దానికి తన తెల్ల రుమాలు చుట్టి, లాప్‌టాప్ వెనుక నిలబడి ఎత్తి పట్టుకున్నడు. మెత్తటి వెలుతురు నా మొహం మీద పడ్డది. వేములవాడ-సాన్, రాయికల్-సాన్ కింద హోటల్ల ఎదురుచూస్తున్నరు. గదిల సార్, నేను, స్క్రీన్ మీద ఆ సంస్థ జపాన్ మేడం.

చదువు ఎట్ల సాగిందని ఆమె అడిగింది. సంతోషంగుండె అని చెప్పాలె. తోక తుంచి కత్తా అతికించాలె, తనోషికత్తా. నేను తనోషీ దెషితా అన్న, మొదటి రోజు తప్పే. ఆమె చిన్నగ నవ్వి, ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే, ఇట్ల ఎవరు నేర్పిండ్రని అడిగింది.

నా తప్పు అంటే అయిపోయేది. మా సార్ గిట్లనే నేర్పిండు అన్న. అక్కడ కూడ ఆగలె. ఆయనకు జపనీస్ అంత బాగ రాదు అన్న. జోజు జానై దెసు. లేని తోకను వెతకలె, చీరను తుంచలె, పక్కన కుచ్చులు కట్టిన. ఆ మాటను తప్పులేకుండ మార్చింది నేను గదే మొదటిసారి. మేడం అర్థమైందన్నట్టు తల ఊపింది.

కాల్ అయిపోయినంక సార్ టార్చి ఆర్పి, రుమాలు ఇప్పి మడతపెట్టుకుంట, "గా ఆఖరు మాట కరెక్టుగ మార్చినవ్ కోరుట్ల-సాన్" అన్నడు. కిందికి పోయి అందరికి చాయ్ చెప్పిండు. క్లాసు సంగతి తేలినంక, వాళ్లకు పెద్ద సంస్థ కావాలట, నాకు కూడ వయసైంది అని మిగితావాళ్లకు నచ్చచెప్పిండు. రెండోసారి ఆ ఊసు ఎత్తలె.

సార్‌కు బాధైందని నేను రాయొద్దు. అది ఆయన లోపటిది. సిగ్గు మాత్రం నాది, నేరుగ చెప్పొచ్చు, ఉన్నది. ఇంకొకరి సంగతైతే కనపడ్డదే చెప్పాలన్నడు కాబట్టి, నాకు కనపడ్డది చెప్త. నేను ఆ మాట అంటున్నంత సేపు, ఆ రుమాలు వెనుక నుంచి నా మొహం మీద పడుతున్న వెలుతురు జరంత కూడ కదలలె.